కమ్మరి పనిముట్లు: పదును, ఉక్కు అను మాటల విచారణ

తెలుగున వృత్తిపదముల సేకరణకు 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటము మార్గదర్శకమైనది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన ఆ సంపుటము వ్యవసాయమునకు చెందినది. నాగటి కర్రు మొదలు కొడవలి వరకు రైతు వాడు ఇనుప సామగ్రి యంతయు కమ్మరి చేసినదే కావున, వ్యవసాయ పదములను వెదకువాడు కొలిమిదాక పోక తప్పదు. అక్కడ ఒక విశేషము కనబడును. రైతు పనిముట్లను కమ్మరి చేయును. కమ్మరి పనిముట్లను చేయువా డెవడు? మరల కమ్మరియే. సాలెవానికి మగ్గమును వడ్రంగి చేసి యీయవలెను; వడ్రంగికి బాడిసెను కమ్మరి చేసి యీయవలెను. కమ్మరి మాత్రము తన సామగ్రిలో చాలభాగము తానే చేసికొనును. సికిందరాబాదులో చేతికత్తులు చేయు కొలుములలో మేము చూచిన పనిని ఆధారముగ గొని ఈ వృత్తికి చెందిన కొన్ని మాటలను ఇచ్చట పరిశీలింతుము.

మొదట పని చేయువాని పేరు. కమ్మరి యనునది సంస్కృతమున కర్మార శబ్దము. ప్రాకృతమున కమ్మారమై తెలుగునకు వచ్చినది. వాడు పని చేయు కొలిమియో, అచ్చమైన ద్రావిడ పదము. తమిళమున కమ్మరిని కొల్లన్ అందురు. కన్నడమున కొలిమిని కులుమె అందురు. వీని కన్నిటికిని మూలమొక్కటే. అనగా తెలుగువారు పొయ్యికి తమ మాటను నిలుపుకొని, దానియొద్ద కూర్చున్నవానికి పరభాషాపదమును గ్రహించిరి. మనిషి పేరు మారినను వాని పొయ్యి పేరు మారకుండుట, ఆ విద్య ఇచ్చటనే చిరకాలముగ నున్నదని సూచించునని మా అభిప్రాయము. దీనిని తుది నిర్ణయముగ మాత్రము చెప్పుటలేదు.

కొలిమిలో గాలి యూదుటకు తిత్తి, కాచిన ఇనుమును పెట్టి కొట్టుటకు దాగలి, కొట్టుటకు సుత్తి, సమ్మెట, పట్టుటకు పటకారు, కోయుటకు ఉలి, రాయుటకు ఆకురాయి. ఈ చివరి మాట తమాషా యైనది. నేటి ఆకురాయి రాయి కాదు, గట్టి ఉక్కు. ఆ రాయి యనునది శిలావాచకమో, రాయు అను క్రియనుండి వచ్చినదో విద్యార్థులు విచారింపదగినది. పటకారులో పట్టు ధాతువు స్పష్టముగనే యున్నది.

పటకారును గూర్చి ఒక పాత చిక్కు కలదు. పటకారు చేయుటకు ఎఱ్ఱగా కాగిన ఇనుమును పట్టవలెను, దానికి పటకారు కావలెను. మరి మొదటి పటకారు ఎట్లు పుట్టినది? యూదుల ప్రాచీన గ్రంథమైన మిష్నాలో, సృష్టి ముగియు వేళ, సంధ్యాసమయమున దైవమే చేసిన వస్తువులలో మొదటి పటకారును కూడ చేర్చినవారు కలరు. మా కమ్మరి చూపిన సమాధాన మింత దూరము పోదు. పొడవైన కడ్డీ కొననే కొలిమిలో పెట్టిన రెండవ కొన చల్లగ నుండును. దానిని చేతితోనే పట్టుకొని కాగిన కొనను సాగగొట్టి, నోరు తీర్చి, చీలకు రంధ్రము చేయుదురు. రెండు కడ్డీలను అట్లే చేసి చీలతో బిగించిన పటకారగును. కడ్డీలే దాని కాళ్లు. చల్లని కొన యనునదే మొదటి పటకారు.

సికిందరాబాదు కొలుములలో ఇనుప ఖనిజమును కరగించుట లేదు. 1806లో ఆసఫ్‌జాహీ ప్రభువు సికందర్ జా పేరిట వెలసిన ఈ కంటోన్మెంటు పట్టణమునకు తరువాత రైలు వచ్చెను, లాలాగూడలో రైలు కర్మాగారము వెలసెను, రాణిగంజులో యంత్రసామగ్రి వర్తకము పెరిగెను. వీని తుక్కే నేటి కమ్మరికి గని. రైలుపట్టా తునకను మొద్దుమీద బిగించిన దాగలి యగును. లారీకి వేయు కమానుపట్టీ కత్తి యగును. కమాను అనగా పారసీకమున విల్లు. వంగి మరల తీరు గుణమునుబట్టి వచ్చిన పేరు. కమానుపట్టీ ఉక్కులో బొగ్గుపదార్థము సుమారు నూటికి 0.6 పాలు, ఆకురాయిలో 1.2 పాళ్ల వరకు నుండును. అందుచే అరిగిన ఆకురాయితో చేసిన చాకు వాడి మిక్కిలిగ నిలుపును గాని, పడిన విరుగు భయము హెచ్చు. ఎముకలు నరకు కత్తికి కమానుపట్టీయే మేలు. ఈ వివేకము పుస్తకమునుండి వచ్చినది కాదు.

ఇక పదును. నిఘంటువులలో దీనికి వాడి యను అర్థమును, తడి యను అర్థమును వేఱువేఱుగ నిత్తురు. వాన కురిసి నాగలికి అనువైన నేలను పదునుగా నున్న దందుము. కన్నడమున హద, తమిళమున పదము అను సజాతీయ పదములకును తగిన పాకము, తగిన స్థితి యనునదే ముఖ్యార్థము. రైతు తడి, కత్తి వాడి, ఈ రెంటి నడుమ సంబంధ మేమి? కొలిమి దానిని విప్పి చూపును. కత్తిని ఎఱ్ఱగా కాచి నీటిలోనో నూనెలోనో ముంచిన అది గట్టిపడును, గాజువలె పెళుసగును. దానిని తుడిచి మెఱయునట్లు రాచి, మరల మెల్లగా వేడి చేయుదురు. సుమారు 220 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద ఉపరితలమున ఎండుగడ్డి రంగు, 280 ప్రాంతమున ఊదా, 300 దాటునప్పటికి నీలము క్రమముగ ప్రాకివచ్చును. చాకునకు గడ్డిరంగువద్ద, దెబ్బ తిను పనిముట్టునకు ఊదారంగువద్ద ఆపవలెను. ముందాపిన పెళుసు, వెనుకాపిన మెత్తన. నేలయందు బురదకును బెట్టకును నడిమి స్థితి యెట్టిదో, ఉక్కునందు పెళుసునకును మెత్తదనమునకును నడిమి స్థితి యట్టిది. రెండును పదునే. వాడి యనునది దాని ఫలము. కావున పదును నానార్థపదము కాదు, ఏకార్థపదమే యని మా వాదము.

ఉక్కు అను మాట కరగుట యను అర్థముగల ధాతువునుండి వచ్చినది, తమిళమున ఉరుక్కు. తెలంగాణమున ఈ మాట అక్షరాల సార్థకము. నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలములోని కోనసముద్రము ఉక్కు మూసలకు ప్రసిద్ధి. దానిని త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను ఉండిన హెన్రీ వాయ్సీ చూచి వ్రాసిన వివరణము, ఆయన 1824లో మరణించిన పిమ్మట 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. రెండు చోట్ల తీసిన ఇనుములను కలిపి మూసలోనుంచి మూత మెత్తి కరగించి, చల్లారిన ముద్దకు మట్టి పూసి మరల మరల కాచి మెత్తబఱచుదురని ఆయన వ్రాసెను. పారసీక వర్తకులు ఆ ముద్దలకై అంత దూరమునుండి వచ్చెడివారు. అందులో బొగ్గుపాలు సుమారు నూటికి 1.5. అంతటి ఉక్కును ఐరోపా కమ్మరులు తమ అలవాటుచొప్పున తెల్లగా కాచి కొట్టగా అది పొడియైపోయెను. తక్కువ వేడిమిలో ఓపికగ కొట్టవలసియుండెను. లండనులో శస్త్రచికిత్సకు కత్తులు చేయు జేమ్స్ స్టోడార్టు ఆ రహస్యమును గ్రహించి, ఆ ఉక్కునే కొనియాడుచు వాడెను. మైకేల్ ఫారడేతో కలసి 1820 ప్రాంతమున దానిపై ప్రయోగములు చేసెను. 1998లో జాన్ వర్హోవెన్, కత్తులు చేయు ఆల్ఫ్రెడ్ పెండ్రేలు కలసి, ఆ కత్తుల మీది నీటిచారలకు వనేడియము వంటి ధాతువుల లేశములు కారణమని ప్రకటించిరి. పండితునితోపాటు కొలిమి పట్టినవాని పేరు కూడ ఆ వ్యాసము తలపై నుండుట గమనింపదగినది.

1795లో జార్జి పియర్సను రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసమున ఈ ఉక్కునకు వూట్జ్ అను పేరు కనబడును. 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ నిఘంటుకారులు, ఇది కన్నడ ఉక్కు శబ్దమునకు వ్రాతతప్పువలన వచ్చిన రూపము కావచ్చునని ఊహించిరి. ఉక్కు మనకును ఉన్న మాటయే. వ్రాయసగాని కలము తప్పిన ఆ రూపమే నేడు లోకమంతట శాస్త్రగ్రంథములలో నిలిచిపోయినది.

మన నిఘంటువులలో పనిముట్ల పేర్లకు "ఒక సాధనము", "ఆయుధవిశేషము" అని వ్రాసి విడుచు ఆచారము కలదు. సమ్మెటకును సుత్తికిని భేదము అట్టి నిర్వచనమున తెలియదు. సమ్మెట పెద్దది, దానిని రెండు చేతులతో ఎత్తి కొట్టువాడు వేఱు, సుత్తితో దెబ్బ పడవలసిన చోటు చూపువాడు వేఱు. ఇద్దరు మనుష్యుల పని ఆ రెండు పేర్లలో నున్నది. క్షేత్రమునకు పోవు పరిశోధక విద్యార్థి పదమును వ్రాసికొనునప్పుడే పనిముట్టు బొమ్మను, దానిని ఎవరు ఏ చేత పట్టుదురో దానిని, దానిని దేనితో చేసిరో దానిని కూడ వ్రాసికొనవలెను. ఇది ఆలస్యమైన కొలది కష్టము, ఏలన విద్యుత్తుతో తిరుగు పంకా వచ్చినచోట తోలుతిత్తి పోయినది, తిత్తితోపాటు దాని అంగముల పేర్లును పోవుచున్నవి.

కొన్ని మాటలు మాత్రము పనిముట్టు మారినను విడువవు. సైకిలు చక్రమునకు రాయి తగిలించి వీధులవెంట తిరుగువాడును, విద్యుచ్చక్రమున్న దుకాణదారుడును చేయు పనికి సాన పట్టుట యనియే పేరు. శాణ శబ్దమునకు తద్భవమైన ఆ సాన ఇప్పుడు నిప్పురవ్వలు చిమ్ముచు నిమిషమునకు వేల చుట్లు తిరుగుచున్నది.