పొలంలో ఆదా అయిన నీరు, ఊళ్లో లేచిన ధూళి

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న సాల్టన్ సీ పేరుకు సముద్రమే గానీ, నిజానికి అదొక ఉప్పునీటి సరస్సు. ఆ ప్రాంతంలోని కొన్ని పాఠశాలల్లో గాలి నాణ్యతను తెలిపే రంగు జెండాలు ఎగురవేస్తారు. ఆకుపచ్చ జెండా కనిపిస్తే పిల్లలు మైదానంలో ఆడుకోవచ్చు. ఎరుపు కనిపిస్తే ఆటలు గదుల్లోనే. ఈ ప్రాంతంలో ఉబ్బసంతో అత్యవసర చికిత్సకు వచ్చే పిల్లలు ఎక్కువ.

ఈ సరస్సు ఒక ప్రమాదం వల్ల పుట్టింది. 1905లో కొలరాడో నది ఒక సాగు కాలువను తెంచుకుని, సముద్రమట్టం కన్నా దిగువన ఉన్న పల్లంలోకి మళ్లింది. గండి పూడ్చేసరికి 1907 వచ్చింది. అప్పటి నుంచి ఇంపీరియల్ లోయ పొలాల మురుగు కాలువల్లోకి దిగే నీరే సరస్సుకు ప్రధాన ఆధారం. నీరు బయటికి పోయే దారి లేదు. ఆవిరైపోగా మిగిలే ఉప్పు ఏటా పెరుగుతూనే ఉంటుంది.

2003లో కుదిరిన ఒప్పందం ప్రకారం సాగునీటిలో కొంత భాగం శాన్ డియాగో వంటి నగర ప్రాంతాలకు వెళ్తోంది. రైతులు నీటిని పొదుపుగా వాడటం మంచిదే. అయితే పొలంలో వృథాగా కనిపించిన నీరే సరస్సును నింపుతూ వచ్చింది. లోటు భర్తీకి 2017 చివరి వరకు సరస్సుకు ప్రత్యేకంగా నీరు వదిలారు. అది ఆగాక తీరం మరింత వేగంగా వెనక్కి జరిగింది.

బయటపడిన అడుగు నేల ధూళిగా మారడంలో ఉప్పు పాత్ర పెద్దది. సోడియం సల్ఫేట్ వంటి లవణాలు చలిలో నీటిని తమలో కలుపుకుని ఉబ్బుతాయి, వేడికి దాన్ని వదిలి కుంచించుకుపోతాయి. ఇలా పదేపదే జరిగితే పైపొర గుల్లబారుతుంది. అయినా సన్నటి కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కనుక గాలి వాటిని నేరుగా లేపడం కష్టం. ముందు కదిలేది ఇసుక రేణువు. అది గెంతుతూ వచ్చి నేలను కొట్టిన చోటల్లా సన్నటి ధూళి చిమ్ముతుంది.

10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలను పీఎం10 అంటారు. కదలని గాలిలో 10 మైక్రాన్ల కణం ఒక మీటరు దిగడానికి ఐదారు నిమిషాలు, 2.5 మైక్రాన్ల కణం దిగడానికి దాదాపు గంటన్నర పడుతుంది. అందుకే ఈదురుగాలి తగ్గాక కూడా గాలి వెంటనే తేటపడదు. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం10 ఎంత ఉండవచ్చన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది: అమెరికాలో 150 మైక్రోగ్రాములు, భారత్‌లో 100. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 45.

ఇక్కడి ధూళి అంతా సరస్సుదే కాదు. ఎక్కువ భాగం చుట్టూ ఉన్న ఎడారి నుంచి వస్తుంది, పొలాలూ వాహనాలూ తోడవుతాయి. కానీ బరువు ఒక్కటే లెక్క కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్ శాస్త్రవేత్తలు సరస్సు దగ్గరి ధూళిని ఎలుకలు పీల్చేలా చేసినప్పుడు వాటి ఊపిరితిత్తుల్లో వాపు కనిపించింది. దూరపు ఎడారి ధూళికి అంత స్పందన లేదు. బ్యాక్టీరియా పైపొరలోని పదార్థాలు దీనికి కారణం కావచ్చని వారి పరిశోధన సూచిస్తోంది.

ప్రస్తుతానికి ఎండిన నేలలో గాలికి అడ్డంగా చాళ్లు తీస్తున్నారు. గెంతే ఇసుక రేణువు చాలులో పడితే ధూళి లేవదు. మొక్కలు నాటుతున్నారు, దక్షిణ తీరాన నీటి మడుగులు కడుతున్నారు. ఇదే రాష్ట్రంలోని ఓవెన్స్ సరస్సు అనుభవం వారి ముందుంది. 1913 నుంచి దానికి చేరాల్సిన నదీజలాలను లాస్ ఏంజెలెస్‌కు మళ్లించడంతో అది ఎండిపోయింది. అక్కడి ధూళిని అణచడానికి ఆ నగరం ఇప్పటివరకు 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసింది. నగరం నీరు తీసుకున్న నాటి లెక్కల్లో ఈ ఖర్చు లేదు. అప్పటిదాకా ఆ ధూళిని పీల్చింది సరస్సు పక్కన ఉన్నవాళ్లే.