భోపాల్: చెత్త కాలింది, నీటి సంగతి?

భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో దశాబ్దాలుగా పడివున్న 337 టన్నుల విషవ్యర్థాలను 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలించి, జూన్ నెలాఖరుకు దహనం చేశారు. దీనితో పాపప్రక్షాళన జరిగినదని ప్రభుత్వాలు భావిస్తే అది ఆత్మవంచనే.

వేలాదిమందిని బలిగొన్న 1984 నాటి విషవాయువు గాలిలో కలిసిపోయింది. అంతకుముందే కర్మాగారం గుంటలలో, చెరువులలో పారబోసిన రసాయనాలు మాత్రం నేలలోకి ఇంకినవి. క్లోరిన్ కలిసిన ఈ సమ్మేళనాలు అంత సులభంగా నశించవు. భూగర్భజలంతోపాటు మెల్లగా పాకుతాయి. చుట్టుపక్కల 42 బస్తీల భూగర్భజలం కలుషితమైనదని లక్నోలోని భారతీయ విషవిజ్ఞాన పరిశోధన సంస్థ 2018లో తేల్చింది.

సుప్రీంకోర్టు 2004లోనే మంచినీరు సరఫరా చేయమన్నది. ఆ నీరు ఇంటింటికీ చేరడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా బస్తీల ప్రజలకు చేతిపంపే దిక్కయింది.

కార్బైడ్‌ను 2001లో కొన్న డౌ సంస్థ బాధ్యత తనది కాదంటున్నది. కంపెనీ చేతులు మారింది. కింద ఉన్న నీరు మారలేదు. విషం ఎంతవరకు పాకినదో ఏటా పరీక్షించి, ఫలితాలను ఆ బస్తీలలోనే బహిరంగంగా ప్రకటించాలి. నేలను శుద్ధి చేయాలి. కంటికి కనిపించే చెత్తను తొలగించడం పరిపాలనలో తేలికైన భాగం. కనిపించనిదాని పట్ల చూపే శ్రద్ధే ప్రభుత్వాలకు అసలు పరీక్ష.