మిరపనారునకు వలగుడారము

మిరప సాగుచేయు రైతు తన చేనిలో ఆకులు ముడుచుకొనుట కంటబడిన దినముననే తెగులు వచ్చినదని తలచును. నిజమునకు, అంతకు చాల ముందుగనే, నారుమడిలో నున్నప్పుడే అనేక మొక్కలు దానిని అంటించుకొని యుండును. నారులో సోకిన మొక్క చేనిలో మోకాలెత్తున నిలిచిపోవును. ఆకులు చిన్నవై, గుబురుగా మారును. పూత నిలువదు, కాయ దిగదు. అట్టి మొక్కకు ఎరువు వేసినను మందు చల్లినను ఫలము లేదు. కావున ఆ ఆరు వారములు నారును కాపాడు ఉపాయ మిందు వివరింపబడుచున్నది.

ముందుగా ముడతలలోని భేదము నెరుంగవలెను. రైతులు మూడింటిని ఒకే పేరున పిలిచి, ఒకదాని మందు వేరొకదానికి కొట్టి ధనము పోగొట్టుకొనుచుందురు. ఆకు అంచులు పైకి ముడిచి దోనెవలె నున్నచో అది తామరపురుగు పని; దీనిని పైముడత యందురు. అంచులు క్రిందికి వంగి, ఆకు కాడ సాగి, ముదురు పచ్చగా నున్నచో తెల్లనల్లి చేరినదని గ్రహింపవలెను; ఇది క్రిందిముడత. ఈ రెండును పురుగులవలన నేరుగా కలుగునవి గనుక తగిన మందునకు లొంగును. మూడవది వైరసు ముడత. ఇందు ఆకు ముడుచుటయే గాక ఈనెలు లావెక్కి, ఈనెల నడుమ రంగు పాలిపోయి, కణుపులు దగ్గరపడి మొక్క గిడసబారును. దీనికి మందు లేదు.

ఈ వైరసును మొక్కనుండి మొక్కకు చేర్చునది తెల్లదోమ. ఇది ప్రత్తి, వంగ, టమాట, బెండ మొదలగు పైరులమీదను, గట్లమీది కలుపుమొక్కల మీదను ఆకు అడుగున వృద్ధినొందును. తెగులు మొక్కనుండి ఒకసారి వైరసును పీల్చుకొనిన దోమ బ్రతికియున్నంత కాలము దానిని పంచుచునే యుండును. నారుమడిమీద ఎంత శ్రద్ధగా మందు చల్లినను, ప్రక్క ప్రత్తిచేనినుండి వచ్చిన దోమ చచ్చులోపలనే కొన్ని మొక్కలను కుట్టిపోవును. అందుచేత దోమను చంపుటకంటె రానీయకుండుట మేలు. దానికే వలగుడారము.

పైరును ఆచ్ఛాదనములో పెంచుట మన దేశమునకు క్రొత్తగాదు. వంగదేశమున తమలపాకు తీగలను వెదురు, జనుపపుల్లలతో నలుదెసల మూసిన పందిళ్ళలోనే పెంచుదురు. ఇప్పుడు పట్టణములలో కొందరు ఇంటి గదులలో గుడ్డ గుడారములు కట్టి, విద్యుద్దీపముల వెలుగున మొక్కలు పెంచుచున్నారు. మిరపనారునకు అంతటి ఖర్చు నిరర్థకము. ఎండ ఉచితముగా లభించుచున్నది. దీపము లేకుండ వసారాలో పెంచిన నారు మరింత చెడును. అది వెలుగుకై సాగి, సన్ననై, నాటిన వెంటనే వాలిపోవును.

ఒక ఎకరమునకు గుడారము 12 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు ఉన్న చాలును. ఇది ఇంచుమించు ఒక సెంటు నేల. ఆరుబయట నారుమడికిని రైతు ఇంతే విడుచును. లోపల నడుమ రెండున్నర అడుగుల బాట, దానికి ఇరుప్రక్కల మూడుముప్పాతిక అడుగుల వెడల్పున 30 అడుగుల పొడవుగల రెండు వరుసలు, వలకును నారునకును నడుమ ఒక అడుగు ఖాళీ ఉంచవలెను. ఆకు వలకు తగిలినచో దోమ వెలుపలనుండియే కుట్టగలదు. ముందర నాలుగడుగులు వాకిలి గదికి విడువవలెను.

98 గుంటల ప్రోట్రేలు ఒక్కొక్క వరుసలో 64 చొప్పున రెండింట 128 పట్టును. అనగా 12,544 గుంటలు. నూటికి తొంబది మొలచినను 11,290 మొక్కలు వచ్చును. మొక్కకు మొక్కకు, సాలుకు సాలుకు రెండేసి అడుగులు ఎడము పెట్టువారికి ఎకరమునకు సుమారు 11,000 మొక్కలు సరిపోవును. విత్తనము విషయమునను లాభము గలదు. మడిలో చల్లుటకు ఎకరమునకు 650 గ్రాములు కావలసియుండగా, గుంటకొక గింజ వేయుటకు 75 మొదలు 100 గ్రాములు చాలును. సంకరజాతి విత్తనముల వెల తెలిసిన రైతునకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

చట్రమునకు వెదురే చాలును. నడుమ గుంజలు నేలపైన 8 అడుగులు, ప్రక్క గుంజలు 6 అడుగులు ఉండునట్లు పాతవలెను. వెదురు కణుపులు నునుపుగా చెక్కి, కొనలకు పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టవలెను. లేనిచో మొదటి గాలికే వల చినుగును. చోటు మెరకగాను, చెట్లనీడకు దూరముగాను, పాత మిరప లేక ప్రత్తి చేనికి ఎడముగాను ఉండవలెను. వానాకాలమున గాలి పడమటినుండి వీచును గనుక పొడవు ఉత్తరదక్షిణములుగా నుంచినచో గాలి అడ్డముగా ప్రసరించును.

వల అంగుళమునకు 40 లేక 50 కన్నులు గలదిగా కొనవలెను. కూరగాయలపై నీడకు కట్టు షేడ్‌నెట్ దీనికి పనికిరాదు. దాని సందులలో తెల్లదోమ సుఖముగా దూరిపోవును. తామరపురుగు మిక్కిలి సన్ననిది. 50 కన్నుల వలకూడ దానిని పూర్తిగా నిలుపదు, తగ్గించును. ఇంకను సన్నని వల వేసినచో గాలి ఆడక లోపల ఉడుకెక్కి నారు మాడును. కప్పు, గోడలు, అడ్డుతెర, కుట్లు అన్నియు కలిపి సుమారు 1,300 చదరపుటడుగుల వల పట్టును. అంచును అడుగు లోతున మట్టిలో పూడ్చవలెను.

గుడారములో ముఖ్యమైనది వాకిలి. ఒక్క తలుపే యున్నచో మనిషి వెంట దోమయు లోనికి వచ్చును. కావున నాలుగడుగుల గదికి ముందొకటి, వెనుకొకటి తెరలుండవలెను. ఒకటి మూసిన పిమ్మటనే రెండవది తీయవలెను. కూలీలు పనితొందరలో రెండును ఎత్తికట్టి యుంతురు. అట్లు ఒక్క పూట జరిగినను వలకు పెట్టిన పైకము వ్యర్థమగును. ప్రత్తిచేనిలో పనిచేసి వచ్చినవారు అదే బట్టతో లోనికి పోరాదు. లోపల రేకుముక్కలకు పసుపు రంగు వేసి ఆముదము పూసి వ్రేలాడగట్టినచో, తెల్లదోమ దూరినచో దానికి అంటుకొని తెలియును. తామరపురుగునకు నీలిరంగు రేకు.

కప్పుపై ఒక అడుగు ఎత్తున సగమెండ నాపు షేడ్‌నెట్‌ను తీసి వేయుటకు వీలుగా కట్టవలెను. పెనువానలప్పుడు కప్పుమీద మాత్రము పాలిథీన్ పట్టా పరువవలెను. గోడలను ఎన్నడును పట్టాతో మూయరాదు. నేలపై కలుపు తీసి పట్టా పరచి, ఇటుకలమీద ట్రేలు నిలుపవలెను.

గుంటలను బాగుగా మాగిన కొబ్బరిపొట్టుతో నింపవలెను. మాగని పొట్టులోని ఉప్పు, వగరు వేళ్ళను కాల్చును. గింజను అర సెంటీమీటరు లోతున వేసి, ట్రేలను ఒకదానిపై నొకటి పేర్చి పట్టా కప్పి, సుమారు ఆరవనాడు మొలక కనబడగనే విడదీసి పరువవలెను. ఒక్కరోజు ఆలస్యమైనను మొలకలు సాగిపోవును. నీరు ఉదయమున రోజాడబ్బాతో పోయవలెను. సాయంకాలపు తడి నారుకుళ్ళునకు దారితీయును. కుళ్ళు కనబడినచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదళ్ళు తడుపవలెను. కడపటి వారమున నీడవల తీసివేసి, నీరు తగ్గించి, నారును ఎండకు అలవాటు చేయవలెను. 35 మొదలు 40 దినముల నారు నాటుటకు తగినది. ముడుచుకొనిన మొక్క ఒక్కటి కనబడినను జాలిపడక పీకి కాల్చవలెను.

గుడారము చేసిపెట్టునది ఇంతమాత్రమే. చేనిలో నాటిన పిమ్మట మొక్కకు వల లేదు. అయినను నలుబది దినములు నిర్మలముగా పెరిగిన మొక్కకు తరువాత తెగులు సోకినను కొంత కాపు దక్కును. చేనిచుట్టు జొన్న లేక మొక్కజొన్న రెండు మూడు వరుసలు ముందుగా వేసియుంచినచో దోమరాక కొంత తగ్గును. 2021-22లో గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల మిరపను పాడుచేసిన క్రొత్తజాతి తామరపురుగు పూలలో చేరునది. దానికి ఈ గుడారము విరుగుడు గాదు. దానిని చేనిలోనే ఎదుర్కొనవలెను.

ఖర్చులో పెద్దది వల. నలుగురు రైతులు కలిసి ఒకే పెద్ద గుడారము కట్టుకొనినచో గోడలవల కలిసివచ్చి తలకు పడు ఖర్చు తగ్గును. కొనుబడి నారునే నమ్ముకొనువారు నర్సరీకి పోయినప్పుడు నారుకంటె ముందు దాని తలుపును, వల చినుగులను చూడవలెను. మిరప నాటిన పిమ్మట ఆ గుడారములోనే టమాట, వంగ, బంతి నారు పోసికొనవచ్చును. ట్రేలను బ్లీచింగు పౌడరు నీటిలో కడిగి ఎండబెట్టిన పిమ్మటనే మరల వాడవలెను. పని ముగిసినప్పుడు వలను విప్పి, ఉతికి, చినుగులు కుట్టి, ఎలుకలు చేరని చోట ఎత్తుగా వ్రేలాడగట్టియుంచినచో కొన్నియేండ్లు పనికివచ్చును.