ఇంటికి తొలి పునాది

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఆ కట్టుటకు ముందు చేయవలసిన పని ఒకటున్నది. దానిని విస్మరించినవారి కష్టం గోడలతో తీరదు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైనవి. జిల్లా కేంద్రమైన ఊరిలో ఇంటి స్థలానికి గిరాకి హెచ్చుట సహజం. ఈ మూడు పట్టణాలలో గృహనిర్మాణానికి 2020 నాటి తెలంగాణ భవన అనుమతుల, స్వీయ ధ్రువీకరణ చట్టమే ఆధారం.

75 చదరపు గజాల వరకుగల స్థలంలో నేల అంతస్తు, దానిపై మరొక అంతస్తు వరకు కట్టుకొనువారికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలును. అంతకు మించి 500 చదరపు మీటర్ల వరకుగల స్థలంలో, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణపైననే తక్షణం అనుమతి లభించును. ఆ హద్దు దాటిన కట్టడాల విషయం అధికారులు 21 దినములలో తేల్చవలెను. తేల్చకున్న అనుమతి ఇచ్చినట్లే.

దరఖాస్తును ఆన్‌లైనులో యాజమాన్య పత్రం, ఇంటి ప్లానులతో సమర్పించవలెను. చట్టం ఒకచోట గజాలు, మరొకచోట మీటర్లు చెప్పును. 500 చదరపు మీటర్లనగా సుమారు 598 చదరపు గజాలు.

ఇంత సులువు చేసిన చట్టం ప్రతిగా సత్యాన్ని కోరుచున్నది. అసత్య ధ్రువీకరణతో లేచిన కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చవచ్చును. పదవీ విరమణ సొమ్మంతయు ధారపోసి ఉపాధ్యాయుడు కట్టుకొనిన ఇల్లు అబద్ధపు కొలత మూలమున నేలమట్టము కావచ్చును. కావున తండ్రి సంతకం చేయకముందే, లెక్కలు నేర్చిన బిడ్డ టేపు పట్టి ఆ స్థలాన్ని మరొకసారి కొలిచి చూచుట మంచిది.