ప్రళయకావేరి గుల్ల సున్నం

పులికాట్ సరస్సుకు మన పెద్దల నోట ఉన్న పేరు ప్రళయకావేరి. ఆంధ్ర, తమిళనాడు సరిహద్దున ఉన్న ఈ ఉప్పునీటి సరస్సును బంగాళాఖాతం నుండి వేరుచేసేది శ్రీహరికోట దీవి. సరస్సు అడుగున యుగాలుగా పేరుకున్న గుల్లల పొరలున్నాయి. ఒడ్డునే దీవి అడవి. సున్నం కాల్చడానికి కావలసినవి ఈ రెండే, గుల్ల, కట్టె.

గుల్లలను కడిగి, ఎండబెట్టి, బట్టీలో ఒక వరుస బొగ్గు, ఒక వరుస గుల్ల చొప్పున పేర్చి కాలుస్తారు. (బట్టీని తమిళులు కాళవాయ్ అంటారు, సరిహద్దు ఊళ్ళలో రెండు మాటలూ చెల్లుతాయి.) వేడి సుమారు 900 డిగ్రీలు దాటితే గుల్లలోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. నూరు కిలోల శుద్ధమైన గుల్లకు మిగిలేది 56 కిలోల కాల్చిన సున్నమే. దానిపై నీరు చల్లితే బుసబుస పొంగి, మెత్తని పిండి అవుతుంది. ఇసుక కలిపి గానుగలో నూరి, బెల్లం నీరు, కరక్కాయ కషాయం చేర్చి గోడలు కట్టేవారు. మద్రాసు పాత భవనాలకు చలువరాతి నునుపునిచ్చిన పూత గుల్ల సున్నానిదే. తాంబూలంలోకీ అదే మేలన్న మాట ఉండనే ఉంది.

ఈ వృత్తి క్షీణతకు సిమెంటునొక్కదానినే నిందించడం న్యాయం కాదు. శ్రీహరికోట కట్టె ఒకప్పుడు బకింగ్‌హాం కాలువ పడవలపై మద్రాసుకు వెళ్ళేది. 1960, 70 దశకాల తుఫానులకు ఆ కాలువ దెబ్బతిన్నది. 1969లో దీవి రాకెట్ కేంద్రానికి ఎంపికై, 1971లో తొలి రాకెట్ ఎగిరింది. అడవి కంచె లోపలికి పోయింది. సరస్సులో ఆంధ్ర భాగం 1976లో, తమిళనాడు భాగం 1980లో పక్షుల అభయారణ్యాలయ్యాయి. గుల్లలు తవ్వితే చేపలు, రొయ్యలు పెరిగే అడుగునేల చెడుతుంది. కనుక ఆ కట్టడిని తప్పుపట్టలేము. అయితే బట్టీని నమ్ముకున్నవారికి బదులుగా వేరే జీవిక ఎవరు చూపారన్నది నేను అడగదలచిన ప్రశ్న.

నష్టం మన ఇళ్ళలోనూ కనబడుతున్నది. సున్నపు గోడ తేమను పీల్చి, తిరిగి గాలికి విడుస్తుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, ఉప్పు పేరుకొని, ఇటుక పొడిగా రాలుతుంది. తాతల నాటి మిద్దెను బాగుచేయించేవారు మేస్త్రీకి ముందే చెప్పాలి: గుల్ల దొరకకపోయినా, బాగా నానబెట్టిన రాతి సున్నంతోనే అతుకు వేయించండి.