చిన్న దీవిలో నాలుగు రోజులు

"తాతయ్యా! సంక్రాంతి సెలవులకు నాన్న మనందరినీ ఒక చిన్న దీవికి తీసుకుపోతానన్నాడు. ముందు ఏమేమి సర్దుకోవాలి?" అని ఒక మనుమరాలు అడిగింది.

"ముందు పంచాంగం పట్టుకురా, అమ్మడూ!" అన్నాడు తాతయ్య.

మనుమరాలు పకపకా నవ్వింది. "ప్రయాణానికి ముహూర్తం పెడతావా?" అన్నది.

"ముహూర్తం మనకు కాదు, సముద్రానికి. చిన్న దీవిలో మన గోడ గడియారం పనిచెయ్యదు. అక్కడ సముద్రమే గడియారం. దాని వేళలు తెలియకుండా వెళితే, ఎంతో దూరం పోయి ఏమీ చూడకుండా తిరిగి రావలసి ఉంటుంది," అన్నాడు తాతయ్య.

పిల్లలూ, తాతయ్య మాటలో ఎంత నిజమున్నదో చూద్దామా?

వాళ్ళు వెళ్ళదలచినది అండమాన్ దీవులలో ఒకటైన నీల్ దీవి. 2018 డిసెంబరులో దానికి షహీద్ ద్వీప్ అని కొత్త పేరు పెట్టారు. 1943లో నేతాజీ సుభాస్ చంద్రబోస్ అండమాన్ దీవులకు షహీద్ అనీ, నికోబార్ దీవులకు స్వరాజ్ అనీ పేర్లు సూచించాడు. ఆ జ్ఞాపకంగా పెట్టిన పేరే ఇది. దీవి చాలా చిన్నది. రేవు దగ్గర సైకిలెక్కితే, సుమారు అయిదు కిలోమీటర్లలో అవతలి ఒడ్డుకు చేరుకోవచ్చు. దారికి ఇరువైపులా అరటితోటలు, కొబ్బరిచెట్లు, కూరగాయల మళ్ళు ఉంటాయి. తూర్పు బెంగాలు నుండి నిలువ నీడ లేక వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడి, ఈ నేలను సాగులోకి తెచ్చాయి. ఇక్కడి ఊళ్ళ పేర్లు వింటే మీకు రామాయణం గుర్తుకు వస్తుంది: రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్!

మరి అక్కడికి చేరడం ఎలా? ముందు అండమాన్ రాజధానికి వెళ్ళాలి. అందరూ పోర్ట్ బ్లెయిర్ అని పిలుచుకొన్న ఆ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. విశాఖపట్టణం నుండి అది సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్ల దూరం. విశాఖ నుండి అప్పుడప్పుడు ఓడ వెళుతుంది. దానిలో రెండు పగళ్ళకు మించి ప్రయాణం చెయ్యాలి. మద్రాసు నుండి, అంటే ఇప్పటి చెన్నై నుండి, విమానమెక్కితే రెండు గంటల పైచిలుకులో దిగవచ్చు. ఆ నగరంలో తెలుగు మాట వినిపిస్తే ఆశ్చర్యపోకండి. శ్రీకాకుళం ప్రాంతం నుండి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. అక్కడి రేవులో పడవ ఎక్కితే రెండు గంటల ప్రాంతంలో నీల్ దీవి చేరుతాం.

ఇక్కడే పెద్దవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గాలి, అల ఎక్కువైన రోజున పడవ కదలదు. మనకు తిరుగు విమానం ఉన్నదని సముద్రం ఊరుకోదు గదా! కాబట్టి దీవినుండి తిరిగి వచ్చాక నగరంలో ఒక రోజైనా ఖాళీగా ఉంచుకోవాలి. మే నుండి నైరుతి ఋతుపవనాలు వస్తాయి. అక్టోబరు, నవంబరు నెలలలో తుఫానుల భయం ఉంటుంది. జనవరి మొదలు ఏప్రిల్ దాకా సముద్రం కొంత నెమ్మదిగా ఉంటుంది. ఆ లెక్కన సంక్రాంతి సెలవులు మంచి సమయమే.

ఇప్పుడు గడియారం సంగతి. మన దేశపు కాలాన్ని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. నీల్ దీవి దానికి సుమారు 10½ డిగ్రీలు తూర్పున ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అంటే కాకినాడలోకన్న అక్కడ సూర్యుడు సుమారు 42 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. గడియారం మాత్రం రెండుచోట్లా ఒకటే. జనవరిలో అక్కడ ఆరు కాకముందే తెల్లవారిపోతుంది. సాయంత్రం 5 గంటల 20 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు మునుగుతాడు. మన ఊళ్ళోలాగా "అయిదయ్యాక సముద్రానికి పోదాం" అనుకుంటే, చీకటినే చూసి రావాలి! కనుక పెందలాడే నిద్ర లేచి, పెందలాడే పడుకోవడం ఆ దీవి పద్ధతి. సూర్యోదయానికి సీతాపూర్ ఒడ్డు, సూర్యాస్తమయానికి లక్ష్మణ్‌పూర్ ఒడ్డు బాగుంటాయి.

సముద్రపు గడియారం ఇంకా విచిత్రమైనది. నీరు ఒడ్డుమీదికి పొంగి వస్తే పోటు, వెనక్కు తగ్గితే ఆటు. చంద్రుడు సముద్రపు నీటిని తనవైపు లాగడమే దీనికి ముఖ్యకారణం. చంద్రుడికి ఎదురుగా ఒక ఉబ్బు, భూమికి అవతలి పక్కన మరొక ఉబ్బు ఏర్పడతాయి. భూమి తిరుగుతుంటే ఒకేచోటికి రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. అయితే భూమి ఒక చుట్టు తిరిగేలోపల చంద్రుడు కూడా కాస్త ముందుకు జరుగుతాడు. అతన్ని అందుకోవడానికి భూమికి మరొక 50 నిమిషాలు పడుతుంది. అందుచేత ఈరోజు ఉదయం 8 గంటలకు ఆటు వస్తే, రేపు 8 గంటల 50 నిమిషాలకు, ఎల్లుండి 9 గంటల 40 నిమిషాలకు వస్తుంది.

పంచాంగంతో పని ఇక్కడే పడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో సూర్యుడూ చంద్రుడూ ఒకే గీత మీదికి వచ్చి కలిసి లాగుతారు. అప్పుడూ, ఆ తరువాతి ఒకటి రెండు రోజులలోనూ పోటు బాగా పైకి వస్తుంది. ఆటు బాగా కిందికి పోతుంది. ఆ రోజులలో అండమాన్ తీరాన రెంటికీ తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. అష్టమి ప్రాంతంలో సూర్యుడొక దిక్కు, చంద్రుడొక దిక్కు లాగుతారు గనక నీరు అంతగా కదలదు. తిథిని బట్టి ఏ రోజులు మంచివో తెలుస్తుంది. సరియైన వేళకోసం సర్వే ఆఫ్ ఇండియా వారు ప్రకటించే ఆటుపోట్ల పట్టికలు ఉన్నాయి. దీవిలో పడవవాళ్ళను అడిగినా చెబుతారు.

ఇంతకూ ఆ వేళతో మనకేమి పని? లక్ష్మణ్‌పూర్‌లోని ఒక ఒడ్డున పగడపు రాతిని అలలు తొలిచి తొలిచి, పెద్ద కమానులాగా చేశాయి. బెంగాలీ పెద్దలు దానికి ముద్దుగా హౌరా బ్రిడ్జి అని పేరు పెట్టారు. నీరు తగ్గినప్పుడే రాళ్ళ మీదుగా నడిచి దాని దగ్గరకు వెళ్ళవచ్చు. పోటు వేళ వెళితే దారి నీళ్ళలో మునిగి ఉంటుంది. ఆలస్యంగా వెళ్ళి అక్కడే కూర్చుంటే, తిరిగి వచ్చే దారి మునుగుతుంది! పెద్దవాళ్ళు లేకుండా పిల్లలు అటు పోరాదు.

ఆ రాళ్ళ నడుమ నీటి గుంటలు ఉంటాయి. వాటిలో రంగురంగుల చేపపిల్లలు, నక్షత్ర చేపలు, పీతలు, పగడాలు కనిపిస్తాయి. పగడమంటే రాయి అనుకుంటున్నారా? కాదు. అది వేలకొద్దీ చిన్న చిన్న ప్రాణులు కలిసి కట్టుకొన్న ఇల్లు. ఆ ప్రాణుల ఒంట్లో కంటికి కనబడని నాచుమొక్కలు కాపురముంటాయి. అవి ఎండవల్ల ఆహారం తయారుచేసి ఇంటివాళ్ళకు పెడతాయి. నీరు మరీ వేడెక్కితే ఆ నాచు వెళ్ళిపోతుంది. పగడం తెల్లగా పాలిపోతుంది. 2010లో అండమాన్ సముద్రం వేడెక్కినప్పుడు ఎన్నో పగడాలు అలాగే పాలిపోయాయి. గుండ్రంగా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. మీ తలకాయంత పగడాన్ని చూస్తే, అది వయస్సులో మీకన్న పెద్దదని తెలుసుకోండి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, పిల్లలూ. ఆటు వేళ నీరు తగ్గుతుంది గనకనే మనం పగడాలను దగ్గరగా చూడగలుగుతాం. కాని నీరు తగ్గిన ఆ వేళనే అవి మన కాళ్ళకింద పడతాయి. నీరు నిండుగా ఉంటే వాటికి అదే కోట. ఆటు వేళ కోట తలుపులు తెరిచి ఉంటాయన్నమాట. ఒక్క అడుగు తప్పుగా వేస్తే ఇరవై ఏళ్ళు పెరిగినది పుటుక్కున విరుగుతుంది. వందమంది వచ్చి వంద అడుగులు వేస్తే ఇంక చూడడానికి మిగిలేదేమిటి? అందుచేత ఇసుక మీదా, వట్టి రాతి మీదా మాత్రమే అడుగు పెట్టాలి. గుంట పక్కన గొంతుక్కూర్చుని చూడాలి. చెయ్యి పెట్టి కెలకరాదు. ఎండకు పూసుకొనే కొన్ని లేపనాలలోని మందులు పగడాలకు హాని చేస్తాయి. వాటికన్న పొడుగు చేతుల చొక్కా, టోపీ మేలు.

గవ్వల మాట కూడా చెప్పాలి. ఒడ్డున ఖాళీగా పడివున్న గవ్వ నిజంగా ఖాళీ కాకపోవచ్చు. సన్యాసి పీత అనే ఒక పీతకు వెనుకభాగం మెత్తగా ఉంటుంది. అది ఖాళీ గవ్వలో దూరి, దాన్ని ఇల్లుగా మోసుకుంటూ తిరుగుతుంది. పెరిగినకొద్దీ పెద్ద ఇల్లు వెతుక్కుంటుంది. మంచి గవ్వలన్నీ మనం సంచిలో వేసుకు వస్తే దానికి ఇల్లెక్కడిది? పగడాలైతే ముక్క కూడా తీసుకురాకూడదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద, 2001 నుండి పగడాలకు పులికి ఉన్నంత రక్షణ ఉన్నది.

ఇక సర్దుకోవలసినవి: నూలు బట్టలు, పట్టు జారని చెప్పులు, గుర్తింపు కార్డులు, ఇంట్లో వాడే మందులు, టార్చిలైటు, కొంత చేతి డబ్బు, నీళ్ళసీసాలు. చిన్న దీవిలో చెత్త పారవెయ్యడానికి చోటు తక్కువ. మనం తీసుకుపోయిన ప్లాస్టిక్ మనతోనే వెనక్కు రావాలి. హెచ్చరిక బల్ల ఉన్నచోట నీళ్ళలోకి దిగరాదు; ఆ సముద్రాలలో మొసళ్ళు కూడా ఉన్నాయి. భూమి గట్టిగా కంపించినా, వేళకాని వేళ నీరు హఠాత్తుగా వెనక్కు పోయినా, సామాను వదిలి మెరకకు పరుగెత్తాలి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ నేర్పిన పాఠమిది.

"ఇన్ని నియమాలైతే ఇంక విశ్రాంతి ఎక్కడ తాతయ్యా?" అన్నది మనుమరాలు.

"వేళ తెలిసినవాడికే విశ్రాంతి, అమ్మడూ. రోజుకు ఒక్క ఆటు వేళ చూసుకొని ఒక్క ఒడ్డుకు పోతే చాలు. మిగతా పొద్దంతా చెట్టునీడన కూర్చుని కొబ్బరినీళ్ళు తాగు. నాలుగు రోజులలో నలభై చోట్లకు పరుగెత్తేవాడికి దీవి కనబడదు," అన్నాడు తాతయ్య.

ఆ పిల్ల పంచాంగం తిరగేసి, పౌర్ణమి మరునాటి నుండి నాలుగు రోజులు లెక్క పెట్టింది. ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీసి, మొదటి గడిలో రాయవలసిన వేళను దీవిలో దిగాక పడవవాణ్ణి అడుగుదామని ఖాళీగా ఉంచింది. తరువాతి మూడు గళ్ళలోనూ "50 నిమిషాలు కలుపు" అని రాసుకొన్నది.

"మరి గవ్వలు తేకపోతే నా స్నేహితురాళ్ళకు ఏం చూపించను?" అన్నది చివరకు.

"ఆ కాగితం చూపించు. సముద్రం చెప్పిన మాట తప్పకుండా ఎలా వచ్చిపోయిందో నువ్వే చెప్పు. వాళ్ళు వెళ్ళేసరికి గవ్వలూ పగడాలూ అక్కడే ఉంటాయి," అన్నాడు తాతయ్య.