గాలికి దారి, దుమ్ముకు అడ్డు: ఎడారి ఊళ్ళో కంప్యూటర్ కేబినెట్

రెంటచింతలలోనో రామగుండంలోనో పుట్టి పెరిగినవాళ్ళకి ఎండ గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. కాని మన ఊరి ఎండకీ ఇక్కడి ఎండకీ ఒక తేడా ఉంది. అక్కడ రెండు మూడు నెలలు ఓర్చుకుంటే తొలకరి పడుతుంది, మట్టి వాసన వస్తుంది, ప్రాణం లేచి వస్తుంది. రియాద్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 40 డిగ్రీలు దాటని పగలు అరుదు. దానికి తోడు దుమ్ము. అరబ్బులు "గుబార్" అంటారు. 2009 మార్చి 10న రియాద్ మీద విరుచుకుపడ్డ దుమ్ము తుఫాను అప్పుడిక్కడ ఉన్నవాళ్ళకి ఇంకా గుర్తుండే ఉంటుంది. పట్టపగలు ఊరంతా ఇటుక రంగు చీకటి. 2022 మేలో మళ్ళీ అలాంటి రోజులే చూశాం.

మనుషులం ఏసీ గదిలో దూరి తలుపులేసుకుంటాం. మరి బల్ల కింద కూర్చుని పనిచేసే కంప్యూటర్ మాటేమిటి? అది ఊపిరి పీల్చేదీ ఆ గాలినే, మింగేదీ ఆ దుమ్మునే.

భవనాలకు ఏసీ డక్టులు వేయించడం నా ఉద్యోగం. అందుకని మన తెలుగువాళ్ళలో ఎవరింట్లో కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయినా కబురు నాకే వస్తుంది. కొనేముందు మాత్రం ఎవరూ అడగరు! ప్రాసెసర్ గురించీ మెమరీ గురించీ నెల రోజులు ఆరా తీస్తారు. చివర్లో మిగిలిన డబ్బులతో, కంటికి నదరుగా ఉన్న కేబినెట్ ఒకటి తెచ్చుకుంటారు. సౌదీలో ఈ వరస తిరగెయ్యాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

కేబినెట్ చేసే పని

కేబినెట్ అంటే భాగాలన్నీ బిగించుకునే రేకు డబ్బా అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది ఒక ఇల్లు. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి గుర్తు చేసుకోండి. వీధి అరుగు మీంచి, కిటికీల్లోంచి గాలి లోపలికి వస్తుంది. మధ్యన ఆకాశానికి తెరుచుకున్న మండువాలోంచి వేడిగాలి పైకి పోతుంది. వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి. ఈ రెండిట్లో ఏది మూసినా ఇల్లు ఉడికిపోతుంది.

కేబినెట్ సూత్రమూ ఇదే. సాధారణంగా ముందునుంచి చల్లగాలి వచ్చి, గ్రాఫిక్స్ కార్డునీ ప్రాసెసర్నీ తాకి, వెనకనుంచీ పైనుంచీ బయటకు పోవాలి. ఒక్క తేడా ఉంది. మండువాలో గాలిని నడిపేది వేడిగాలికి సహజంగా ఉండే తేలిక. మూరెడు ఎత్తు డబ్బాలో ఆ బలం చాలదు, ఫ్యాన్లే నడపాలి. "వేడిగాలి ఎలాగూ పైకి పోతుంది కదా" అని ఫ్యాన్ల దిక్కు చూసుకోకుండా బిగిస్తే కుదరదు.

పాతికేళ్ళ క్రితం దీని గురించి ఇంత ఆలోచించే అవసరం లేదు. 2000 ప్రాంతంలో పెంటియం 3 ప్రాసెసర్ తినేది సుమారు 30 వాట్లు. 2004 నాటి పెంటియం 4 రకాలు కొన్ని 100 వాట్లు దాటాయి. అప్పుడే ఇంటెల్ వాళ్ళు మేలుకుని, ప్రాసెసర్ దగ్గరికి చేరే గాలి 38 డిగ్రీలు దాటకుండా చూడమని కేబినెట్ తయారీదార్లకు చెప్పారు. అందుకోసం పక్క తలుపుకి ఒక గాలి గొట్టం కూడా పెట్టించారు. ఇవాళ ఆటల కోసం కొనే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 200, 300 వాట్లు లాగుతుంది. 2025లో వచ్చిన ఎన్‌విడియా 5090 అయితే ఏకంగా 575 వాట్లు. ఇంట్లో చిన్న ఇస్త్రీపెట్టెతో పోటీ పడుతోందన్నమాట.

సెకనుకు రెండు బకెట్ల గాలి

ఇక్కడో చిన్న లెక్క. భయపడకండి, హైస్కూలు లెక్కే.

ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. కిలో గాలిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి సుమారు 1000 జౌళ్ళ శక్తి కావాలి. కంప్యూటర్ 400 వాట్లు వాడుతోందంటే సెకనుకు 400 జౌళ్ళ వేడి పుడుతోందని అర్థం. లోపలికొచ్చిన గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి ఆ వేడినంతా మోసుకుపోవాలంటే సెకనుకు 33 లీటర్ల గాలి కావాలి. అంటే దాదాపు రెండు బకెట్లు.

ముందువైపు అద్దంతో మూసేసి, పక్కన సన్నటి సందు వదిలిన కేబినెట్లో ఒక్క బకెట్టే దూరిందనుకోండి. అప్పుడు గాలి 20 డిగ్రీలు వేడెక్కుతుంది. గది 25 డిగ్రీలుంటే లోపలినుంచి పోయే గాలి 45. ఏసీ ఆపేసిన గది 35 ఉంటే ఆ గాలి 55. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ ఈ గాలికంటే ఎన్నో డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటాయి. ఇవాళ్టి ప్రాసెసర్లు చాలావరకు 95, 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. మనం "వేసవిలో కంప్యూటర్ స్లో అయిందండీ, వైరస్ పట్టిందేమో" అనుకుంటాం. చాలాసార్లు పట్టింది వైరస్ కాదు, ఉక్కపోత.

ఇందులోంచే ఇంకో సంగతి తేలుతుంది. యూరప్‌లోనో అమెరికాలోనో కూర్చుని కేబినెట్లను పరీక్షించేవాళ్ళ గది 20, 22 డిగ్రీలుంటుంది. వాళ్ళు "70 డిగ్రీలు" అని రాస్తే అది వాళ్ళ గదిలో. గదికంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువో చూసుకుని, దానికి మన గది వేడి కలుపుకోవాలి. నీళ్ళతో చల్లబరిచే పరికరాలైనా అంతే. అవి వేడిని ఒక చోటినుంచి ఇంకో చోటికి మోస్తాయి, చివరికి వదిలేది గది గాలిలోకే. గదికంటే చల్లగా ఏ ఫ్యానూ ఏ రేడియేటరూ చెయ్యలేదు.

జల్లెడ సంగతి

అయితే ముందంతా చిల్లులున్న కేబినెట్ కొనేస్తే సరిపోతుందా? మన ఊళ్ళో అయితే దాదాపు సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. గాలికి తలుపు తీస్తే గుబార్ కూడా అదే తలుపులోంచి వస్తుంది.

జెద్దాలో అల్ బలద్ వీధుల్లో తిరిగినప్పుడు పాత ఇళ్ళ ముందుకు పొడుచుకొచ్చిన చెక్క జాలీ కిటికీలు చూసే ఉంటారు. వాటిని రోషన్లంటారు. 2014లో యునెస్కో ఆ పాత పట్నాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సముద్రపు గాలిని రానిస్తూ ఎండనూ, వీధిలోవాళ్ళ చూపునూ ఆపడం ఆ జాలీల పని. మనకు కావలసిన కేబినెట్ ముఖం అలాంటిదే. చిల్లుల రేకు, దాని వెనక సన్నటి వల జల్లెడ. ఆ జల్లెడ చేత్తో లాగితే ఊడి రావాలి. స్క్రూలు విప్పితేగాని రాని జల్లెడను ఎవరూ కడగరు. కడగని జల్లెడ నెల రెండు నెలల్లో గోడ అయిపోతుంది.

రెండో కిటుకు మా వృత్తిలోది. ఆపరేషన్ గదుల్లో బయటి గాలి చొరబడకుండా లోపలి ఒత్తిడి కాస్త ఎక్కువ ఉంచుతాం. కేబినెట్లోనూ అదే చెయ్యాలి. గాలిని బయటకు తోసే ఫ్యాన్లకంటే లోపలికి లాగే ఫ్యాన్ల జోరు కాస్త ఎక్కువుండాలి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటకే పోతుంది, లోపలికి వచ్చేదంతా జల్లెడ దాటే వస్తుంది. దీనికి విరుద్ధంగా వెనకా పైనా ఫ్యాన్లు కుప్ప పోస్తే ప్రతి సందూ దుమ్ము పీల్చే ముక్కవుతుంది. ముందు రెండో మూడో, వెనక ఒకటి: ఇక్కడి ఇళ్ళకు ఈ లెక్క బాగుంటుంది.

పరీక్షించడం తేలిక. అగరుబత్తి ఒకటి వెలిగించి కేబినెట్ వెనక సందుల దగ్గర పట్టుకోండి. పొగ బయటకు తోసుకొస్తే మంచిదే. లోపలికి పోతే ఫ్యాన్ల లెక్క మార్చాలి.

కొట్లో చూడవలసినవి

మా ఎదుటి ఫ్లాట్ కుర్రాడు పన్నెండో తరగతి. ఆటలూ ఆడతాడు, చదువూ అందులోనే. 2020 మార్చిలో ఇక్కడి బడులన్నీ మూతపడినప్పుడు వాళ్ళ పాత కంప్యూటర్ మధ్యాహ్నం క్లాసుల్లో మాటిమాటికీ ఆగిపోయేది. ఈమధ్య కొత్తది కొనబోతూ వచ్చాడు.

"అంకుల్, ఇది చూడండి. ముందంతా అద్దం, లోపల ఏడు రంగుల లైట్లు!"

"బాగుంది నాన్నా. గాలి ఎక్కణ్ణించి వస్తుంది?"

వాడు ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పక్కన సందుంది అంకుల్."

"వేలు పడుతుందా అందులో?"

వాడు నవ్వేశాడు. మర్నాడు వాళ్ళ నాన్నతో కలిసి రియాద్‌లో ఉలయా కంప్యూటర్ కొట్లకి వెళ్ళాం. అక్కడ వాడికి చూపించినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, సెల్‌ఫోన్ లైటు వేసి ముందు భాగంలోంచి లోపలికి చూడండి. ఫ్యాన్ రెక్కలు కనబడితే గాలికి దారి ఉన్నట్టే. పేరు చూసి మోసపోకండి. 2020లో కోర్సెయిర్ వాళ్ళు 4000డి అనే కేబినెట్‌ను రెండు ముఖాలతో తెచ్చారు: ఒకదానికి మూసిన రేకు, "ఎయిర్‌ఫ్లో" అన్నదానికి చిల్లుల రేకు. ఒళ్ళు ఒకటే, ఊపిరి వేరు.

తరవాత ఫ్యాన్లు. ఎన్ని వస్తున్నాయి, ఎన్ని విడిగా కొనుక్కోవాలి? 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ డబ్బా మీద సెకనుకు పాతికేసి లీటర్లకు సమానమైన అంకె ఉండచ్చు. అది ఏ అడ్డూ లేనప్పటి మాట. జల్లెడా రేకూ అడ్డొస్తే బాగా పడిపోతుంది. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి అంతే గాలి ఇస్తుంది, చప్పుడూ తక్కువ. 2021లో వచ్చిన ఫ్రాక్టల్ డిజైన్ టొరెంట్‌కి ముందువైపు 180 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పెట్టింది ఇందుకే. అంత ఖరీదు పెట్టనక్కర్లేదు. 140 మిల్లీమీటర్లవి రెండు పట్టే చిల్లుల కేబినెట్ మధ్యతరగతి ధరల్లోనే దొరుకుతుంది.

ఆఖరున, జల్లెడలు. ముందొకటి, అడుగున పవర్ సప్లై కింద ఒకటి ఉండాలి. అడుగుది ముందుకో పక్కకో లాగితే రావాలి. కేబినెట్ పడుకోబెడితేగాని రానిది వద్దు.

కుర్రాడు చివరికి చిల్లుల ముఖం ఉన్నదే తీసుకున్నాడు. పక్క అద్దం లోంచి రంగుల లైట్లు కనబడేలా ఫ్యాన్లు కూడా ఎంచుకున్నాడు. అందులో నాకు అభ్యంతరమేమీ లేదు. గాలికి అడ్డం రానంతవరకూ అలంకారం ముచ్చటే.

ఊరిని బట్టి, ఇంటిని బట్టి

రియాద్ దుమ్ము పొడిగా, పిండిలా ఉంటుంది. దులిపితే పోతుంది. జెద్దాలో, దమ్మామ్, జుబైల్ వైపు తేమతో కలిసి ముద్దలా అతుక్కుంటుంది, ఉప్పుగాలి లోహాన్ని తింటుంది. తీరం ఊళ్ళవాళ్ళు ఇంకాస్త తరచుగా శుభ్రం చేసుకోవాలి.

ఇక్కడి ఇళ్ళలో గోడ నుంచి గోడకు కార్పెట్ ఉంటుంది. కేబినెట్‌ను దానిమీద పెడితే అడుగు జల్లెడ మూసుకుపోతుంది, నూగంతా లోపలికి పోతుంది. చిన్న పీట వెయ్యండి. గోడకు జానెడు దూరం ఉంచండి. కిటికీ ఏసీ నీళ్ళు కారే చోటుకి దూరంగా పెట్టండి.

దుమ్ము తుఫాను వస్తోందంటే కంప్యూటర్ ఆపి, గుడ్డ కప్పండి. మళ్ళీ వేసేముందు ఆ గుడ్డ తియ్యడం మరవకండి. జల్లెడను నీళ్ళతో కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టండి. గాలి ఊది లోపల శుభ్రం చేసేటప్పుడు ప్లగ్గు పీకి, ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. ఊదిన జోరుకి విపరీతంగా తిరిగితే పాడవుతుంది. సెలవులకి ఇండియా వెళ్ళేటప్పుడు ప్లగ్గు పీకి, కప్పి వెళ్ళండి.

అలాగని ప్రతి డిగ్రీకీ బెంగ పెట్టుకోవద్దు. గూగుల్ ఇంజనీర్లు తమ హార్డ్ డిస్కులను పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాల్లో, మామూలు వేడికీ డిస్కులు చెడిపోవడానికీ అనుకున్నంత సంబంధం కనిపించలేదు. బాగా ఎక్కువ వేడి దగ్గరే తేడా కనబడింది. మన లక్ష్యం చలి పుట్టించడం కాదు, ఉడికిపోకుండా చూడడం.

ఇంత శ్రద్ధ ఎందుకంటారా? ఇక్కడ మన రియాళ్ళ విలువ మనకు తెలుసు. 2017 జులైలో భార్యాబిడ్డల మీద తలకు నెలకు 100 రియాళ్ళతో మొదలైన రుసుము 2020 నాటికి 400 అయింది. అదే ఏడాది వ్యాట్ 5 నుంచి 15 శాతానికి పెరిగింది. ఎన్నో కుటుంబాలు ఊరికి తిరిగి వెళ్ళిపోయాయి. ఒంటరిగా మిగిలిన మగవాళ్ళ గదుల్లో, బల్లమీది కంప్యూటరే రాత్రిపూట పిల్లల హోంవర్కు చూసే కిటికీ. పుట్టినరోజుల ఫొటోలన్నీ అందులోనే. అలాంటి వస్తువు పదేళ్ళు నడవడానికి కావలసింది మరీ పెద్ద ఖర్చు కాదు. ముఖం తెరిచిన కేబినెట్, చేత్తో ఊడొచ్చే జల్లెడ, ముందు ఇద్దరు వెనక ఒకరుగా మూడు ఫ్యాన్లు, నెలకోసారి పది నిమిషాల ఓపిక. ప్రాసెసర్ రేపు మారుతుంది, గ్రాఫిక్స్ కార్డు ఎల్లుండి మారుతుంది. మంచి కేబినెట్ మాత్రం వాటన్నిటికీ ఇల్లుగా ఉండిపోతుంది. ఈసారి కొనేటప్పుడు జాబితాలో దాని పేరు ముందు రాసుకోండి.